నా సూటులో బావ దిగిన సముద్రం

బావ తల నీళ్ళలోకి వెళ్ళిపోయింది. ఒక్కసారి పైకి వచ్చి, పడవ మీద కూర్చున్న నా వైపు చూసి, బొటనవేలూ చూపుడువేలూ కలిపి సున్నా చుట్టి చూపించాడు. అంతే, మళ్ళీ కనిపించలేదు. అతను మునిగిన చోట బుడగలు లేచాయి. మొదట పడవ పక్కనే లేచి, తరవాత రాతి దీవి వైపు జరుగుతూ పోయాయి. వాటి వెంట నా చూపూ పోయింది.

అతని ఒంటి మీద ఉన్న సూటు నా కొలతకు కుట్టించింది. దానికోసం ఒక రోజంతా తిరిగాను. అతని వీపున ఉన్న గాలి సిలిండరు మీద సుద్దముక్కతో రాసింది నా పేరు. అతన్ని వెంటబెట్టుకుని దిగిన మాస్టారు తువాన్‌ను కుదుర్చుకున్నది నేను. ఆ నేను తువ్వాలు కప్పుకుని, చల్లారిపోయిన అల్లం టీ పట్టుకుని, పడవ అంచున కూర్చున్నాను. మూతి మీద గాలి కొత్తగా తగులుతోంది. ముప్పై ఐదేళ్ళ మీసాన్ని ముందురోజే తీయించేశాను, ఈ డైవు కోసమే.

పడవ నడిపే ముసలాయన నా పక్కన చతికిలబడి, బుడగల వైపు చెయ్యి చూపించి, "గుడ్, గుడ్" అన్నాడు. బాగుంటుందని నాకూ తెలుసు. నా కడుపుమంట అదే.

ఆమదాలవలసలో అనుకున్నది

నేను ముప్పై రెండేళ్ళు దినపత్రికలో పనిచేశాను. శ్రీకాకుళంలో విలేకరిగా మొదలై, డెస్కు మీద ముగించాను. మా తీరానికి కొంచెం దూరంలో నీళ్ళ అడుగున పాత ఓడ ఒకటి ఉందని చెప్పుకుంటారు. దాని మీద నా చేత్తో అరడజను వార్తలైనా రాసి ఉంటాను. నాచు పట్టిన ఇనుప రేకులు, వాటి సందుల్లో గుంపులుగా తిరిగే చేపలు, నీలం చీకటి, ఇవన్నీ నా మాటలే. ఒకసారి ఆ ఒడ్డున ఉన్న జాలర్ల పల్లెకు మళ్ళీ వెళ్తే, అప్పన్న అనే జాలరి నా వార్తను ఎవరిచేతో చదివించుకుని విన్నానన్నాడు.

"నువ్వు దిగి సూసినావేటి బాబూ?" అని అడిగాడు.

లేదన్నాను.

"మరెలాగ రాసినావు?"

ఎగతాళి చెయ్యలేదు. నిజంగా తెలుసుకుందామనే అడిగాడు. నేను బస్సు వేళయిందని లేచి వచ్చేశాను. అది జరిగి ఇరవై ఏళ్ళు దాటింది. ఆ ప్రశ్న మాత్రం నాతోనే ఉండిపోయింది. రిటైరయ్యాక ఒక్కసారైనా నీళ్ళ అడుగుకు వెళ్ళి, కళ్ళతో చూసి రావాలనుకున్నాను. విశాఖలో రెండుసార్లు ప్రయత్నించాను. రెండుసార్లూ నీళ్ళు కలకబారి ఉన్నాయి, దిగినా ఏమీ కనిపించదని వాళ్ళే వెనక్కి పంపేశారు. అప్పుడు వియత్నాం గురించి చదివాను. న్యాచాంగ్ అనే ఊరి దగ్గర నీళ్ళు అద్దంలా ఉంటాయట.

ఈ సంగతి ఆమదాలవలసలో సూర్యనారాయణ దగ్గర అన్నాను. ఊరంతా అతన్ని సూర్నాణ అంటారు. నా మేనమామ కొడుకు, నా చెల్లెలి మొగుడు, అంటే రెండు వైపుల నుంచీ బావ. ఇద్దరిదీ ఒకే వయసు కాబట్టి ఒరే అంటే ఒరే అనుకుంటాం. ధాన్యం వ్యాపారం, చిన్న మిల్లు. నేను చెప్తున్నంతసేపూ బస్తాలోంచి తీసిన గింజను వేళ్ళ మధ్య పట్టుకుని వెలుతురుకు ఎత్తి చూస్తూనే ఉన్నాడు.

"వియత్నామా? అక్కడ వరి మన కంటె బాగుంటాదంటారు. నానూ వస్తాను. నువ్వు నీలు సూసుకో, నాను బియ్యం సూసుకుంటాను."

అప్పుడే నాకు భయం వెయ్యాల్సింది. చిన్నప్పటి నుంచీ బావకు ఏదైనా అడక్కుండానే దొరికేది. నాగావళిలో నేను నెల రోజులు నీళ్ళు మింగి నేర్చుకున్న ఈత అతనికి ఒక్క ఉదయంలో వచ్చేసింది. రాత్రింబవళ్ళు చదివి నేను తప్పిన లెక్కల పరీక్ష అతను చదవకుండా పాసయ్యాడు. ఇవన్నీ మరిచిపోయాననుకున్నాను.

నూకల అన్నం

న్యాచాంగ్‌లో దిగిన మధ్యాహ్నం ఆకలితో ఒక బండి దగ్గర ఆగాం. బండి మీదావిడ అన్నం పెట్టి, పక్కన కీరా ముక్కలూ వేపుడు గుడ్డూ పెట్టి, చిన్న గిన్నెలో ఎర్రటి నీళ్ళలాంటిది ఇచ్చింది. పంది మాంసం వద్దని చేతులతో చెప్పి చేప పెట్టించుకున్నాం. బావ తినలేదు. పళ్ళెంలోంచి ఒక మెతుకు తీసి కంటి దగ్గర పెట్టుకున్నాడు.

"ఒరే, ఇవి నూకలురా!"

నిజంగా నూకలే. అక్కడ నూకల అన్నం అంటే ప్రత్యేకమైన వంట. దానికోసం వరసలో నిలబడతారు. పళ్ళెం నలభై ఐదు వేల డాంగులు, మన డబ్బులో నూట యాభై. బావ మొహం చూడాలి.

"మన మిల్లులో ఇయి కోల్లకి పోతాయి. లేకపోతే మా ఆవిడ ఉప్మా సేస్తాది. ఈలు కోటు తొడుక్కుని వచ్చి తింటన్నారు!"

గిన్నెలోనిది చేపల పులుసునీళ్ళు. చేపల్ని ఉప్పులో నెలల తరబడి ఊరబెట్టి తీస్తారట. ముక్కు దగ్గర పెట్టుకోగానే మా తీరంలో ఇసుక మీద ఆరబెట్టిన ఎండుచేపల వాసన వచ్చింది. నాకు ప్రాణం లేచి వచ్చింది. బండి మీదావిడ డబ్బులు రెండు చేతులతో తీసుకుంది, చిల్లర రెండు చేతులతో ఇచ్చింది. మనవైపు ఎడమ చెయ్యి తగలకూడదని చూసుకుంటాం, అక్కడ రెండూ కలిస్తేనే మర్యాద. రోడ్డు దాటడం కూడా వేరు. మనం సందు దొరికిందంటే పరిగెడతాం. అక్కడ మెల్లగా, ఆగకుండా నడవాలి. వందల బళ్ళు మన చుట్టూ నీళ్ళలా విడిపోయి వెళ్తాయి. ఈ ఒక్క విషయంలో నేను బావ కంటే ముందు పాసయ్యాను. అతను మధ్యలో ఆగిపోతే ఒక ముసలమ్మ చెయ్యి పట్టుకుని దాటించింది.

కొలతలు

మర్నాడు సూటు వేట. సముద్రం ఒడ్డు వీధిలో డైవు దుకాణాలు వరసగా ఉన్నాయి. ఒంటిని అంటిపెట్టుకునే రబ్బరు సూటు వేసుకోకుండా ఎవరూ దించరు. మొదటి దుకాణంలో అమ్మాయి నన్ను పైనుంచి కిందకు చూసింది. ఫోన్లో ఏదో మాట్లాడి తెర నా వైపు తిప్పింది. తెలుగులో ఇలా ఉంది: "మీ శరీరం మా దుకాణంలో లేదు."

బావ ఆ మాట ఆ రోజంతా జపించాడు.

రెండో దుకాణంలో అన్నిటికంటే పెద్ద సూటు తెచ్చారు. కాళ్ళు దూరాయి, చేతులు దూరాయి. వీపు జిప్పు నడుం దగ్గర ఆగింది. బావ వెనక మోకాలు ఆనించి లాగాడు.

"ఊపిరి బిగబట్టరా."

"బిగబట్టే ఉన్నాను."

"మరి ఇదేటి, ఇంకా ఇంతుంది?"

అతనికి నవ్వే హక్కు లేదు. ఆ పొట్ట మా రెండు కుటుంబాలదీ. మేనరికాలతో పాటు అటూ ఇటూ వచ్చింది. అతనిదీ నాదీ పక్కపక్కన పెడితే ఏది ఎవరిదో చెప్పలేరు. ఈ సంగతి అప్పుడు గుర్తుపెట్టుకుని ఉంటే బాగుండేది.

మూడో దుకాణం హాన్ అనే ఆవిడది. నలభై ఏళ్ళుంటాయి. ఇంగ్లీషు పది మాటలు వస్తుంది, మిగతాది ఫోను. ఆవిడ లేదనలేదు. కాసేపు నా చుట్టూ తిరిగి, చిరిగి పక్కన పడేసిన పాత సూటు ఒకటి తీసి, నన్ను స్కూటరు వెనక ఎక్కించుకుంది. బావ ఆవిడ తమ్ముడి వెనక ఎక్కాడు. మార్కెట్టు వెనక సందులో కుట్టుమిషను పెట్టుకున్న పెద్దావిడ దగ్గర ఆగాం. పెద్దావిడ టేపు నా పొట్ట చుట్టూ తిప్పింది. టేపు చాలింది కానీ ఆవిడ నమ్మలేదు, మళ్ళీ తిప్పింది. పక్క దుకాణాల వాళ్ళని పిలిచి చూపించింది. ఫోన్లో ఏదో అంటే తెర మీద "ఎన్నో నెల?" అని వచ్చింది. సందంతా నవ్వింది. బావ గోడకు చేరబడిపోయాడు.

కానీ ఆ పెద్దావిడ పనితనం చూడాలి. పాత సూటు కాలు కోసి, దాన్ని రెండు పట్టీలుగా చేసి, పెద్ద సూటుకు రెండు పక్కలా అతికి, అతికినచోట జిగురు పూసి కుట్టింది. సాయంత్రానికి జిప్పు మెడ దాకా వచ్చింది. నల్ల సూటుకు రెండు పక్కలా పసుపు చారలు. అద్దంలో చూసుకుంటే పెద్ద కందిరీగలా ఉన్నాను. అంత సంతోషంగా నన్ను నేను అద్దంలో చూసుకుని చాలా ఏళ్ళయింది.

మీసం

సూటు కుదిరాక కళ్ళు. నా కళ్ళద్దాల నంబరు మైనస్ ఆరు. హాన్ పెట్టె అడుగు నుంచి నంబరున్న అద్దాలు బిగించిన మాస్కు ఒకటి తీసింది. మైనస్ ఐదు. ఫరవాలేదు, గోడ మీద క్యాలెండరు చదవగలిగాను. తరవాత ఆవిడ నా మీసం వైపు చూసి, మాస్కు అంచు చూపించి, వేళ్ళతో నీళ్ళు కారుతున్నట్టు చూపించింది. వెంట్రుకలుంటే మాస్కు మూతికి అతుక్కోదట.

మంగలి షాపులో కూర్చున్నాను. మీసం తీశాక కుర్చీలోంచి లేచినవాడు మా నాన్నలా ఉన్నాడు. ఆయన పోయినప్పుడు గుండుతో పాటు తీయించిన మీసం, తరవాత పెరిగాక మళ్ళీ ముట్టుకోలేదు. మావైపు ఆ వయసు మగాడు మీసం తీశాడంటే కారణం ఒకటే ఉంటుంది. ఇది నాకు తెలియనిది కాదు. అయినా ఇంటికి వీడియో కాల్ చేసేటప్పుడు గుర్తు రాలేదు.

మా ఆవిడ తెర మీద నన్ను చూసి ఒక్క కేక పెట్టింది. "ఏటండీ ఆ మూతి! ఎవరికేటయింది? అన్నయ్యగారు బాగున్నారా?"

అన్నయ్యగారు నా భుజం మీంచి మొహం పెట్టి, "నాను బతికే ఉన్నానమ్మా. నీ మొగుడు సేపలకి అందంగా కనబడాలని గీయించేసుకున్నాడు," అన్నాడు.

ఆ రాత్రి గదిలో అద్దం ముందు చేతిసంజ్ఞలు నేర్చుకున్నాను. వేళ్ళతో సున్నా చుడితే బాగున్నానని. అరచెయ్యి అటూ ఇటూ ఊపితే ఇబ్బంది ఉందని. బొటనవేలు పైకి పెడితే పైకి తీసుకెళ్ళమని. బావ మంచం మీంచి, "అద్దానికి దండాలెట్టుకుంటన్నావేటి? పడుకోరా," అన్నాడు.

తాడు

మర్నాడు పడవలో హాన్ ఒక కాగితం ఇచ్చింది. ఆరోగ్యం గురించిన ప్రశ్నలు. ఒక్కొక్కటీ చదివాను. అచ్చులో వచ్చేది అబద్ధం కాకూడదన్న అలవాటు ఇంకా పోలేదు. గుండె, లేదు. ఉబ్బసం, లేదు. ఎప్పుడైనా చెవి జబ్బు? నాగావళిలో ఈదులాడిన పిల్లల్లో చెవి కారనిది ఎవరికి? ఎనిమిదేళ్ళప్పుడు నాకూ ఎడమ చెవి కారింది. అవునని టిక్కు పెట్టాను. తువాన్ దాన్ని చూసి, నన్ను చూసి, మడిచి తన సంచీలో పెట్టుకున్నాడు. ముప్పై ఏళ్ళవాడు, నవ్వడు, చెప్పింది రెండుసార్లు చేసి చూపిస్తాడు. నాకు నచ్చాడు.

దీవి పక్కన లంగరు వేశారు. ముందు పడవకు కట్టిన తాడు పట్టుకుని, ఇద్దరు మనుషుల లోతులో పరీక్ష. అది బాగుంటేనే అడుగుకు.

మొదటిసారి తల ముంచినప్పుడు చూసింది చెప్తాను, ఎందుకంటే నేను చూసింది అంతే. తాడు పచ్చగా ఉంది. దాని మీద నా చేతులు నావి కానట్టు తెల్లగా ఉన్నాయి. కింద వెలుతురు గీతలు గీతలుగా దిగి, ఎక్కడో ఆగిపోయింది. అది ఆగిన చోట ఏదో నల్లగా కదిలింది. ఊపిరి తీసుకుంటే ఊపిరి వచ్చింది. ఇంత సులువా అనుకున్నాను.

తువాన్ నా ఎదుటికి వచ్చి సున్నా చుట్టి చూపించాడు. బాగున్నావా అని. నా రెండు చేతులూ తాడు మీద ఉన్నాయి. బాగానే ఉన్నానని తల ఊపాను. అతను తన చెవి మీద వేలు పెట్టి చూపించాడు. అదేం లేదు, బాగానే ఉందని మళ్ళీ తల ఊపాను. అతను నా భుజం పట్టి పైకి తీసుకొచ్చేశాడు. రెండోసారి దించాడు. మళ్ళీ సున్నా, మళ్ళీ చెవి, మళ్ళీ పైకి.

పడవెక్కాక తువాన్ సంచీలోంచి కాగితం తీసి నా టిక్కు మీద వేలు పెట్టాడు. "ఇయర్. నో డైవ్." నా చెవికి ఏమీ కాలేదని ఇంగ్లీషులో చెప్పాను, తెలుగులో చెప్పాను, తల ఊపి మరీ చెప్పాను. అతను హాన్ వైపు చూసి ఇంకా గట్టిగా వద్దన్నాడు. హాన్ ఫోను నా ముందు పెట్టింది: "మీ చెవి మాకు విలువైనది."

సిలిండరు నిండుగా ఉంది. సూటు తడిగా ఉంది. హాన్ వాచీ చూసి, బావ వైపు చూసి, "యూ?" అంది.

బావ తువ్వాళ్ళ సంచీ ఒళ్ళో పెట్టుకుని వేరుశనగ కాయలు తింటున్నాడు. నా వైపు తిరిగాడు. అతను తిరగడమంటే మొత్తం మనిషి తిరగడమే. ఆరేళ్ళుగా మెడ పట్టేసి ఉంది. "ఎల్లమంటావేటిరా?" అని అడిగాడు. గొంతులో హాస్యం లేదు. నేను వద్దంటే మానేసేవాడే. ఆ సంగతి నాకు తెలుసు కాబట్టే వద్దనలేకపోయాను.

"వెళ్ళు," అన్నాను.

కాగితం చదవకుండా అన్నిటికీ లేదని టిక్కులు పెట్టేశాడు. సూటు అతనికి నా కంటే బాగా పట్టింది. మీసం సంగతి ఎత్తాను. ఒప్పుకుంటున్నాను, ఆశతోనే ఎత్తాను. తువాన్ డబ్బాలోంచి వేలితో వాజలీను తీసి బావ మీసానికి దట్టంగా రాసి, మాస్కు తగిలించాడు. అంతే. మీసానికి అంతకంటే ఏమీ అక్కర్లేదట. నడుముకు సీసపు బరువులు కడుతుంటే బావ ఒక్కొక్కటీ చేతిలో పట్టి చూసి, "తూకం సరిగ్గానే ఉన్నాది," అన్నాడు.

తరవాత ఇరవై ఆరు నిమిషాలు నేను బుడగలు చూశాను. మాస్కులోకి నీళ్ళు పోయి రెండో నిమిషంలో పైకి వస్తాడనుకున్నాను. ప్రమాదం రావాలని కాదు, కాస్త ఉక్కిరిబిక్కిరి అయితే చాలు. ఐదో నిమిషంలో చెవి నొప్పి వస్తుందనుకున్నాను. పదో నిమిషం తరవాత ఏదీ అనుకోవడం మానేశాను. పడవ ముసలాయన అల్లం టీ మళ్ళీ పోశాడు.

సున్నా

బావ పైకి వచ్చాడు. ధాన్యం కాటా దగ్గర నలుగురితో ఒకేసారి మాట్లాడేవాడు, మాస్కు చేతిలో పట్టుకుని పడవ అడుగు వైపు చూస్తూ కూర్చున్నాడు. నేను ఆగలేకపోయాను.

"ఏం చూశావు?"

"సేపలు."

"ఏ చేపలు?"

"సందువా సేపల్లాటివి. సారలు ఉన్నాయి. తినీవి కావులే."

"ఇంకా?"

"రాల్లు."

"ఎలాంటి రాళ్ళు? రంగేమిటి? కదులుతున్నాయా?"

"ఒరే రిపోర్టరూ, కొంచెంసేపు ఊరుకోరా."

ముప్పై రెండేళ్ళలో ఎంతమందినో ప్రశ్నలడిగాను. చూసినవాడు చెప్పలేకపోవడం కొత్త కాదు. కానీ నేను చూడాల్సింది చూసి వచ్చినవాడి నోటి నుంచి రాళ్ళు అన్న మాట రావడం భరించలేకపోయాను.

సాయంత్రం దుకాణంలో హాన్ కంప్యూటరు ముందు కూర్చోబెట్టింది. తువాన్ నుదుటి మీద చిన్న కెమెరా ఉందట. ముందు నా వంతు. తువాన్ చెయ్యి సున్నా చుట్టింది. ఎదురుగా కందిరీగ సూటులో నేను. నా తల ఎడమ భుజం మీదకి వాలింది, కుడి భుజం మీదకి వాలింది, మళ్ళీ ఎడమకి. బడిలో, బస్సులో, ఆఫీసులో మనం రోజుకు వందసార్లు సరే అనే ఊపు. తువాన్ వేలు చెవి మీదకు వెళ్ళింది. నా తల మళ్ళీ అటూ ఇటూ, ఇంకా గట్టిగా. చెవిలో నీళ్ళు దులుపుకుంటున్నవాడిలాగే ఉన్నాను. చూస్తే నాకే నొప్పి అనిపించింది.

"ఇది అవునని," అన్నాను. తల ఊపి చూపించాను. హాన్ కాసేపు నన్ను చూసి, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. తువాన్‌కు చెప్పింది. నవ్వని తువాన్ కుర్చీలోంచి లేచి, నాకు తలవంచి దండం పెట్టాడు. ఎప్పుడొచ్చినా డబ్బు తీసుకోకుండా దించుతానని చెప్పించాడు.

రేపు ఉదయం దించమన్నాను. హాన్ మా టికెట్లు చూసింది. డైవు చేశాక ఒక రోజు గడవనిదే విమానం ఎక్కకూడదట. మా విమానం మర్నాడు సాయంత్రం. టికెట్టు మార్చుకోవచ్చు కదా అని బావ అన్నాడు. కానీ ఆ ఎల్లుండి రాజాంలో అతని చిన్నకూతురికి పెళ్ళిచూపులు. మేనమామ లేకుండా జరగవు, ఆ మేనమామను నేనే.

తరవాత బావ వీడియో. అతని మెడ కదలదు, కాబట్టి తల ఊగదు. తువాన్ సున్నా చుట్టినప్పుడల్లా బావ చెయ్యి తనంతట తాను లేచి వేళ్ళు కలిపి కంటి దగ్గర నిలిచింది. ఆ వేళ్ళు నేను నలభై ఏళ్ళుగా చూస్తున్నవే. బస్తాలోంచి గింజ తీసి వెలుతురుకు పట్టి చూసే వేళ్ళు. నేను అద్దం ముందు నేర్చుకున్నది అతను మిల్లులో పుట్టినప్పటి నుంచీ చేస్తున్నాడు.

మిల్లు ఆగినట్టు

తిరుగు ప్రయాణంలో విమానాశ్రయంలో కూర్చున్నాం. బావ సంచీలో పొట్లం కట్టిన ఐదు రకాల బియ్యం ఉన్నాయి. అతనే మొదలుపెట్టాడు.

"నిన్న నువ్వడిగినావు కదా. ఏటి సెప్పాలో తెల్లేదు. ఇప్పుడు సెప్తాను. మన మిల్లు ఆడతన్నప్పుడు ఆ సప్పుడు మనకి ఇనబడదు, అలవాటైపోతాది. కరెంటు పోయి మిల్లు ఆగినప్పుడు, అబ్బా, ఇంతసేపు ఇంత సప్పుడున్నాదా అనిపిస్తాది. అక్కడ దిగీసరికి అలగయ్యింది. మొత్తం ఆగిపోనాది. నా ఊపిరి ఒక్కటీ ఇనబడతాది. పుట్టిన కాడినుండి ఏదో ఆడతానే ఉన్నాదిరా, అక్కడ ఆగినాది."

నేను జేబులోంచి నోటుబుక్కు తీసి, అతను అన్నది అన్నట్టు రాసుకున్నాను. నీలం చీకటి అని ఆరుసార్లు అచ్చు వేయించినవాణ్ణి. నేను దిగి ఉన్నా ఆ మాట నాకు దొరికేది కాదు. సూటు పోయినందుకు కంటే ఆ మాటకు ఎక్కువ కుళ్ళుకున్నాను. ఈ కథనంలో బాగున్న మాట అదొక్కటే, అది నాది కాదు.

మూతి పరామర్శలు

శ్రీకాకుళంలో దిగిన దగ్గరనుంచి నా మూతి చూసినవాళ్ళందరూ గొంతు తగ్గించి ఎవరు పోయారని అడిగారు. పెళ్ళిచూపుల్లో అబ్బాయి తండ్రి నా చెయ్యి పట్టుకుని ఓదార్చి, మైలలో శుభకార్యం పెట్టుకున్నారా అని మా చెల్లెల్ని పక్కకు పిలిచి అడిగారు. బావే నడిమింట్లో నిలబడి సంగతంతా విప్పి చెప్పాల్సి వచ్చింది. అప్పటికి అతని నోట మాటలు బాగా ఊరాయి. చారల చేపలు వందలయ్యాయి. రాళ్ళకు రంగులొచ్చాయి. మధ్యలో "నీలం సీకటి" అన్నాడు. నేను తల ఎత్తి చూశాను. అతను నన్ను చూడలేదు.

నెల తరవాత ఇద్దరం అప్పన్న పల్లెకు వెళ్ళాం. నేనే తీసుకెళ్ళాను. అప్పన్న ముసలివాడయ్యాడు, కళ్ళు బాగానే ఉన్నాయి. "ఎవులు పోనారు బాబూ?" అని నన్ను పరామర్శించాడు. తరవాత బావ సముద్రంలో దిగాడని తెలిసి అతని పక్కకు జరిగి కూర్చున్నాడు. గంటసేపు అడిగాడు. అడుగున నీళ్ళు ఏ వైపు లాగుతాయి, రాళ్ళ కింద చేప మనిషిని చూసి పారిపోతుందా నిలబడుతుందా, వల తగులుకున్న చోట ఎలా ఉంటుంది. బావ తెలిసినవి చెప్పాడు, తెలియనివి తెలియవన్నాడు. అప్పన్న నన్ను ఏమీ అడగలేదు. నాకు వెళ్ళే బస్సు లేదు, బావ కారులోనే వచ్చాను. కాబట్టి అక్కడే కూర్చున్నాను.

మళ్ళీ వియత్నాం వెళ్ళాలనే అనుకున్నాను. ఈసారి ఎవరూ వంక పెట్టకుండా చెవి బాగుందని కాగితం ఒకటి పట్టుకుని వెళ్దామని శ్రీకాకుళంలో చెవి డాక్టరు దగ్గరికి వెళ్ళాను. ఆయన ఎడమ చెవిలోకి చాలాసేపు చూశారు. "పొర మీద పాత మచ్చ ఉందండీ. చిన్నప్పుడు చిల్లు పడి మూసుకున్నట్టుంది. గట్టిగా మూసుకుందో, పలచగా ఉందో ఇక్కడ చెప్పలేను. లోతుకు దిగితే ఆగొచ్చు, ఆగకపోవచ్చు. విశాఖలో పరీక్ష చేస్తారు, రాసిస్తాను," అన్నారు.

ఆ రోజు దాకా తువాన్ పొరబడ్డాడని అందరికీ చెప్తూ వచ్చాను. అప్పటి నుంచి చెప్పడం మానేశాను. మీసం మళ్ళీ పెరిగింది. విశాఖకు రాసిచ్చిన చీటీ మడత పెట్టి కళ్ళద్దాల పెట్టెలో ఉంచాను. పరీక్ష ఇంకా చేయించుకోలేదు.